మార్బుల్‌లో పాతుకుపోయిన తుపాకుల బీరువా

అందరూ సౌదీ వెళ్లి ఇళ్లు కట్టి వస్తారు. నేను కట్టిన ఇంటిని నేనే పగలగొట్టి వచ్చాను! అదీ లీవుకు బయల్దేరడానికి మూడు రోజుల ముందు. నవ్వకండి, టీ చల్లారకముందే మొత్తం చెప్పేస్తాను.

రియాద్‌లో మా కఫీల్ పేరు సాలెహ్. కఫీల్ అంటే మనకు వీసా ఇచ్చి రప్పించిన యజమాని. మన పాస్‌పోర్టు ఆయన దగ్గరుంటుంది, ఇకామా అనే అక్కడి నివాస అనుమతి మన జేబులో ఉంటుంది. మంచి మనిషే పాపం. ఊరి చివర, తమ పాత ఇంటి పక్కనే కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. ఆ సైటుకు నేను సూపర్‌వైజర్ని. పాలిటెక్నిక్ చదివానని అక్కడ నాకు పెద్ద పేరు లెండి.

గల్ఫ్ యుద్ధం అయిపోయి మూడేళ్లు దాటినా సాలెహ్ వాళ్లింట్లో మాత్రం అది ఇంకా పూర్తిగా అయిపోలేదు. అప్పట్లో సైరన్ మోగితే అందరూ కిటికీలకు టేపులేసిన గదిలోకి పరుగెత్తేవాళ్లట. సాలెహ్ వాళ్లమ్మ మాత్రం కదిలేది కాదట. ఆవిణ్ని అందరూ ఉమ్ సాలెహ్ అంటారు, సాలెహ్ వాళ్లమ్మ అనే అర్థం. "మా నాన్న తుపాకీ, ఇంటి కాగితాలు తగలబడిపోతే నేనుండి ఏం లాభం" అని వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. ఇప్పటికీ ఆకాశంలో విమానం కాస్త కిందుగా వెళితే చాలు, ఆవిడ చెయ్యి తుపాకీ కోసం వెతుక్కుంటుంది.

అందుకని ఒకరోజు సాలెహ్ నన్ను పిలిచాడు.

"ఇంజినీర్, అమ్మకు ఒక తుపాకుల బీరువా కావాలి. దొంగ తెరవకూడదు, నిప్పు చొరకూడదు. నువ్వే చూసి తీసుకురా."

అక్కడ చేతిలో టేపు పట్టుకున్న ప్రతివాడూ ఇంజినీరే. నాకేమో తుపాకీల గురించి ఓనమాలు రావు. జాతరలో బెలూన్లు కొట్టే తుపాకీ తప్ప ఇంకోటి ముట్టుకుని ఎరగను. అయినా తల ఊపేశాను.

ఇక్కడ నా జబ్బు సంగతి చెప్పాలి. నాకు పగటి కలల జబ్బుంది. లీవు దగ్గరపడే కొద్దీ అది ముదిరింది. నేను విమానం ఎక్కాక పుట్టింది మా పాప. రెండున్నరేళ్లు నిండినా నేనింకా చూడలేదు. మా ఆవిడ సుజాత ఒక క్యాసెట్ పంపింది. అందులో తను పాపను బతిమాలుతుంటుంది. "మాట్లాడవే బాపుతోని! ఇంతసేపు లొల్లి లొల్లి చేసినవ్, ఇప్పుడు నోరు తెరువవేంది?" అంటుంది. తర్వాత చాలాసేపు ఊపిరి చప్పుడు, ఆ తర్వాత ఒకే ఒక్క మాట. "చాయ్!" అంతే, క్యాసెట్ అయిపోతుంది. ఆ ఊపిరి చప్పుడు వినీ వినీ టేపు నలిగిపోయింది. సైటులో మిక్సర్ తిరుగుతున్నా నాకు అదే వినిపించేది.

అలాంటి మనిషిని బీరువా కొనడానికి పంపితే ఏమవుతుంది?

షాపులో ఒక సిరియా ఆయన మూడు బీరువాలు చూపించాడు. మొదటిదాన్ని వేలితో తట్టాను. బిస్కెట్ డబ్బాలా మోగింది. వద్దన్నాను. రెండోదానికి తలుపు బాగుంది కానీ నిప్పు ఆపే పొర ఒక్క తలుపుకే ఉంది, గోడలు ఉత్త రేకు. నిప్పు మర్యాదగా తలుపు దగ్గరికే వస్తుందా? అదీ వద్దన్నాను. నా తెలివికి సిరియా ఆయన కుర్చీ వేశాడు, ఏలకుల ఖావా పోశాడు.

మూడోది ఆకుపచ్చది. నిలువెత్తు మనిషి పడతాడు అందులో. గోడల నిండా సిమెంటు లాంటిది ఏదో దట్టించారు. గంటసేపు మంటలో ఉన్నా లోపలి కాగితం రంగు కూడా మారదన్నాడు. గడియలు నాలుగు వైపులా దిగుతాయి. మడతబందులు కోసేసినా తలుపు ఊడిరాదు. ఆయన చెబుతూనే ఉన్నాడు, నేనేమో ఎప్పుడో మా ఇంటికి వెళ్లిపోయాను. బీరువా తెరిచాను. సుజాత చీరల మడతల్లోంచి కలరా ఉండల వాసన వచ్చింది. కింది అరలో పాప నక్కి కూర్చుంది, నన్ను చూసి కళ్లు మూసుకుంది, తను మూసుకుంటే నాకు కనబడనని. ఎత్తుకుందామని వంగాను.

"ఏం చూస్తున్నారు సార్?" అన్నాడు సిరియా ఆయన.

నేను నిజంగానే వంగి ఉన్నాను! ఏదో ఒకటి అనాలి కదా. "దీనికి అద్దం ఉండదా?" అన్నాను.

"తుపాకులకు అద్దమెందుకు సార్?"

పరువు కాపాడుకోవాలని బీరువా కింద వేళ్లు పెట్టి చూశాను. తలుపు దాదాపు నేలదాకా దిగి ఉంది. మధ్యలో రెండు వేళ్ల సందే ఉంది. "ఇదీ తలుపంటే! గునపం దూర్చడానికి కూడా జాగా లేదు. ఇదే ఖాయం" అన్నాను. మొత్తం కొనుగోలులో నేను సొంత బుర్ర వాడింది అక్కడొక్కచోటే. అదే నా కొంప ముంచింది.

పంపేటప్పుడు సిరియా ఆయన ఒక మాట గట్టిగా చెప్పాడు. "నాలుగు బోల్టులతో నేలకు బిగించండి, లేకపోతే దొంగ బీరువానే ఎత్తుకుపోతాడు. బోల్టులు లోపలి నుంచే బిగించాలి, లోపలి నుంచే విప్పాలి."

కొత్త ఇంటికి తెచ్చేసరికి ఉమ్ సాలెహ్ కోసం కట్టిన గదికింకా మార్బుల్ పడలేదు, ఉత్త కాంక్రీటు. మార్బుల్ పనివాడు గుల్జార్ భాయ్, ముల్తాన్ మనిషి, చెయ్యి చాలా నీటు. ఆయన చూడగానే అన్నాడు. "రాజేశం భాయ్, పహ్లే ఫర్ష్ హోనే దో, అల్మారీ బాద్ మే."

ముందు నేల, తర్వాత బీరువా. పిల్లాడికైనా తెలిసిన సంగతి. పాలిటెక్నిక్ వాడికి తెలియదా? తెలుసు! కానీ మా రూములో వేలాడుతున్న తెలుగు క్యాలెండరు ప్రకారం సోమవారం నుంచి మూఢం. కొత్త బీరువా మూఢంలో ఇంట్లో దింపుతారా ఎవరైనా? సాలెహ్‌కు మూఢమేంటని అడగకండి, ఆయన నెలవంకను చూసి నెల లెక్కపెట్టే మనిషి. మూఢమంతా నాకే. నా లీవు ముందు ఏ చిన్న అశుభం జరిగినా నేను తట్టుకోలేను, అదీ నా భయం.

"నువ్వు చుట్టూ వేసెయ్ భాయ్, కొలతలు నేను చూసుకుంటా" అన్నాను దర్జాగా. గుల్జార్ భాయ్ గడ్డం నిమురుకుని తన పనిలోకి వెళ్లిపోయాడు.

బీరువా నైరుతి మూలలో ఉండాలి, ఉత్తరం చూడాలి. దిక్కుల కోసం గుల్జార్ భాయ్ నమాజు చాపకు కుట్టిన చిన్న దిక్సూచి అడిగి తీసుకున్నాను. నైరుతి దొరికింది. ఆ మధ్యాహ్నం ఇల్లంతా ఖాళీ. బయట దుమ్ము పట్టిన ఎండ పల్చటి టీ రంగులో గదిలోకి దిగుతోంది. డ్రిల్లు ఆపితే చెవుల్లో గుయ్యిమని నిశ్శబ్దం. బీరువా లోపల కూర్చుని ఒక్కో బోల్టూ బిగిస్తుంటే ఇంకా నాలుగే వారాలు, నాలుగే వారాలు అనుకుంటూ రెంచి తిప్పాను. ఏ బోల్టు దగ్గర ఏ కల కన్నానో కూడా చెప్పగలను. మూడో బోల్టు దగ్గర పాప నా మెడ చుట్టూ చేతులేసింది. నాలుగోది బిగించేసరికి ఇద్దరం చాయ్ తాగుతున్నాం. లెవెల్ పెట్టి చూశాను, గుండ్రటి బుడగ సరిగ్గా నడిమధ్యన నిలబడింది. మార్బుల్ ఎంత మందమో మాత్రం గుర్తు రాలేదు.

సాలెహ్ వచ్చి మురిసిపోయాడు. తుపాకీ నిలబెట్టాడు, కాగితాలు సర్దాడు. చివరికి రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట, మా సైటు వాళ్లందరివీ, పై అరలో పెట్టాడు. అన్నిటికన్నా పైన నాది. నా కళ్లతో చూశాను! తలుపు మూసి తాళంచెవి వాళ్లమ్మ చేతికిచ్చాడు. మర్నాడే నజ్రాన్‌లో ఖర్జూరం తోటల పని చూసుకోవడానికి వెళ్లిపోయాడు. "నీ లీవు సంగతి నాకు గుర్తుందిలే" అన్నాడు వెళుతూ. రియాద్ మొత్తం తగలబడినా నా పాస్‌పోర్టుకు ఢోకా లేదని ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

ఆయన వెళ్లిన రోజు మధ్యాహ్నం గుల్జార్ భాయ్ మార్బుల్ మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి నేల పాలమీగడలా మెరిసింది. బీరువా చుట్టూ వెంట్రుక దూరకుండా అతికించాడు.

లీవు ఇంకా మూడు రోజులుంది. సాలెహ్ రాలేదు. నజ్రాన్ తోటలో ఫోను మోగుతోంది, ఎత్తే దిక్కు లేదు. పాస్‌పోర్టులో ఎగ్జిట్ రీ-ఎంట్రీ ముద్ర, అంటే దేశం దాటి మళ్లీ రావడానికి అనుమతి, పడకపోతే ఎయిర్‌పోర్టులో అడుగు ముందుకు పడదు. ముద్ర పడాలంటే పాస్‌పోర్టు మా ఆఫీసు కాగితాల పనులు చూసే ఇద్రీస్ చేతికివ్వాలి. ఈ సీటు పోతే హజ్ రద్దీ దాటేదాకా ఇంకో సీటు లేదని ట్రావెల్స్ వాడు ముందే చెప్పాడు. వెళ్లి ఉమ్ సాలెహ్‌ను అడిగాను. ఆవిడ కర్ర పట్టుకుని, ముసుగు సర్దుకుని మెల్లగా వచ్చింది. తాళంచెవి తిప్పింది. నేను చక్రం లాంటి పిడి తిప్పాను. లోపల గడియలు ఠక్ ఠక్ ఠక్‌మని వెనక్కి వెళ్లాయి.

తలుపు లాగాను. రాలేదు.

కాలు బీరువాకు తన్నిపెట్టి లాగాను. రాలేదు. సబ్బు నీళ్లు పోశాను. అయినా రాలేదు. గుల్జార్ భాయ్‌ని పిలిచాను. ఆయన వంగి చూశాడు. నేను ఏరికోరి ఎంచిన ఆ రెండు వేళ్ల సందు ముందు తన నాలుగు వేళ్లు నిలబెట్టాడు. మార్బుల్, దాని కింద సిమెంటు మాలు కలిపి నాలుగు వేళ్ల మందం! తలుపు కింది అంచు నేలలో దిగిపోయి కూర్చుంది.

సిరియా ఆయనకు ఫోన్ చేశాను.

"బీరువాను కొంచెం జరపాలి సార్."

"బోల్టులు విప్పండి, జరుగుతుంది."

"బోల్టులు లోపలున్నాయి."

"అయితే తలుపు తెరవండి."

"తలుపు తెరుచుకోవట్లేదు!"

"చెప్పాను కదా సార్, మా బీరువా ఎవరూ తెరవలేరని" అన్నాడు. ఆ గొంతులో గర్వం చూడాలి!

మార్బుల్ కొయ్యడం తప్ప దారి లేదు. కానీ అది నా ఇల్లా? ఇటలీ నుంచి తెప్పించిన రాయి, యజమాని ఊళ్లో లేడు. వచ్చి చూస్తే లీవు సంగతి దేవుడెరుగు, నన్ను మళ్లీ రాకుండా ఏకంగా ఎగ్జిట్ కొట్టి పంపేస్తాడు. కొయ్యకపోతే పాప దగ్గరికి వెళ్లేది లేదు. అలా బీరువాకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను.

ఉమ్ సాలెహ్ అడిగింది. "ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"కూతురు. నేనింకా చూడలేదు."

"ఎన్నేళ్లు?"

"రెండున్నర."

ఆవిడ కర్రతో మార్బుల్‌ను రెండుసార్లు తట్టింది. "రాయి మళ్లీ దొరుకుతుంది. పగలగొట్టు. సాలెహ్‌కు నేను చెప్తాను."

నాకు ఏడుపొచ్చేసింది. యుద్ధంలో కూడా తుపాకీ వదలని మనిషి, నాకోసం కొత్త నేల వదిలేసింది! దణ్ణం పెట్టబోయి, ఆ పద్ధతి అక్కడ లేదని గుర్తొచ్చి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను.

గుల్జార్ భాయ్ మేకుకు సుతిలి తాడు కట్టి తలుపు తిరిగేంత మేర గీత గీసిచ్చాడు కానీ గ్రైండర్ మాత్రం ముట్టుకోలేదు. "మై నే ఇస్ హాథ్ సే బిఛాయా హై, ఇస్ హాథ్ సే నహీ కాటూంగా" అన్నాడు. ఆయన బాధ ఆయనది. వేసిన చేత్తో ఎలా కోస్తాడు? నేనే కోశాను. నీళ్లు పోస్తూ కొయ్యాలన్న సంగతి ఆ తొందరలో ఎవరికి గుర్తుంది? గది నిండా తెల్లటి పొగలా పొడి లేచింది. నా చేతులు నాకే కనబడలేదు. ఆ తెలుపులో గ్రైండర్ రొద కాసేపటికి విమానం రొద అయిపోయింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను, కింద మబ్బులు. గుల్జార్ భాయ్ భుజం పట్టి కుదిపితే తెలిసింది, గీత దాటి జానెడు కోసేశాను!

ఉలి పెట్టి ముక్కలన్నీ పెకలించేసరికి మధ్యాహ్నమైంది. తలుపు లాగాను. మెల్లగా, హాయిగా తెరుచుకుంది. తుపాకీ భద్రం, కాగితాలు భద్రం. కట్ట అందుకుని రబ్బరు బ్యాండు తెంపాను. గుల్జార్ భాయ్‌ది ఉంది. తాపీ వాళ్లవి ఉన్నాయి. వంటాయనది ఉంది.

నాది లేదు!

మళ్లీ చూశాను. తుపాకీ వెనక చూశాను. బీరువా కింది అరలో తలపెట్టి చూశాను. లేదు. మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను.

అప్పుడు గుమ్మంలో అలికిడైంది. ఇద్రీస్. సూడాన్ మనిషి, పొడుగ్గా ఉంటాడు, ఏదీ తొందరగా చెయ్యడు. చేతిలో ఒక పాస్‌పోర్టు, ఒక టికెట్టు. గదిలోకి తొంగి చూసి, మార్బుల్ పొడిలో తల నుంచి కాళ్లదాకా తెల్లగా ఉన్న నా వంక ఒకసారి, పాస్‌పోర్టులో ఫొటో వంక ఒకసారి చూశాడు.

"రాజేశం ఎక్కడ? సాలెహ్ నజ్రాన్ వెళ్లే రోజు పొద్దున్నే కట్టలోంచి తీసి ఇది నా చేతికిచ్చాడు. ముద్ర పడి వారమైంది, ఇద్దామంటే మనిషి దొరకడు."

గుల్జార్ భాయ్ నా వైపు చూశాడు. ఉమ్ సాలెహ్ నా వైపు చూసింది. తర్వాత అందరూ కలిసి నేలలో ఆ గుంత వైపు చూశారు.

నేను చేతిలోని పాస్‌పోర్టులు మెల్లగా కింద పెట్టాను.

"రాజేశమా? ఆయన లీవులో ఉన్నాడు" అన్నాను.