నీళ్ల పొయ్యి దాటిన తీగ

మొన్న హిందూపురంలో ఒక పెళ్లికి వెళ్లి, సాయంత్రం బస్టాండు వైపు నడిచి వస్తూ ఉంటే, ఒక సందు మలుపులో ఆ వాసన తగిలింది: మల్లె కాదు, సన్నజాజి కాదు, ఆ రెండింటి కంటే తేలికగా, పట్టులోంచి అప్పుడే పిండిన తేనెలా ఉండే వాసన. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

పెనుకొండలో, కొండ కింద, మా ఇల్లుండేది. నేను పుట్టేనాటికే పొలాలు పోయాయి, ఇంటి వెనక భాగం కూలిపోయింది. వీధి వాకిలి మీద పందిరిలా అల్లుకున్న ఒక తీగ మాత్రం మిగిలింది. దాన్ని మా ముత్తాతకు ఒక తెల్లదొర భార్య తన బంగళా తోట నుంచి ఇచ్చిందని, ఈ సీమలో మరే వాకిట్లోనూ అది లేదని, నాయన తల్లి, మా అవ్వ, నిటారుగా కూర్చుని చెప్పేది. పేరు అడిగితే ‘మా తీగ’ అనేది. దాన్ని హనీసకిల్ అంటారని, అందులో బోలెడు రకాలున్నాయని కాలేజీకి వెళ్లేదాకా నాకూ తెలియదు.

ఉగాది నాడు వంటింట్లోంచి ఓళిగల పూర్ణం వాసన వస్తుంటే, పిల్లలం వాకిట్లో చేరి, పువ్వు తొడిమ కొరికి, అడుగున నిలిచిన తేనెచుక్క చీకేవాళ్లం. అవ్వ మా చేతిలోని పువ్వు లాక్కుని పాఠం మొదలుపెట్టేది: ప్రతి ఆకు మొదట్లోనూ రెండేసి పూలు, కవలల్లా, పైపెదవి వెడల్పు, కింది పెదవి నాలుకలా సన్నం, ఈరోజు తెలుపు, రేపటికి పసుపు, లేత ఆకు అడుగున నూగు. తీగ మెలిక కూడా వేలితో తడిమి చూపేది. పెరట్లో చిక్కుడు ఏ పక్కకు చుట్టుకుంటుందో, మా తీగ దానికి సరిగ్గా ఎదురు పక్కకు చుట్టుకునేది. దారిన పోయేవాళ్లెవరైనా రాధామనోహరం అన్నారా, అయిపోయారే.

“అది ఎర్రగా తిరుగుతాది, గుత్తులుగా యాలాడతాది. మాది బంగారు రంగు తిరుగుతాది. కండ్లు లేవా మీకు?”

కొమ్మ అడిగిన వాళ్లకు ఏనాడూ ఇవ్వలేదు. తీగ కత్తిరించిన రోజున, ఒక్క పుల్ల కూడా గడప దాటకుండా, కొమ్మలన్నీ ఏరించి స్నానాల నీళ్లు కాచే పొయ్యిలో వేయించేది. ఆ పొయ్యి రాజేసేది లింగమ్మ, మా ఇంట్లో అంట్లు తోమి, నీళ్లు మోసే మనిషి.

తర్వాత వరుసగా కరువులొచ్చాయి. బావి ఎండింది, తీగ ఎండింది, లింగమ్మ కూడా పని మాని ఊరి చివర కొడుకు ఇంటికి చేరింది. నాయన బెంగళూరు వెళ్లి, ఒక నర్సరీలో అదే జాతి అని చెబితే నమ్మి, ఒక తొట్టి మొక్క తెచ్చాడు. అది పూసిన రోజున అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది.

“కొసాన రెండాకులూ అతుక్కోని దొప్ప అయినాయి, కాడ నడిమధ్య పొడుచుకోనొచ్చింది. మనదాంట్లో ఏ ఆకుకా ఆకు. పూలేమో ఎర్ర గొట్టాలు, వాసన సున్నా. మనదానికి చిన్నాయన కూతురైతాదేమో గానీ, మనది కాదప్పా.”

అంతలోనే ఎవరో వచ్చి, మా తీగ లాంటిది లింగమ్మ గుడిసె మీద విరగబూసిందని చెప్పారు. నాయన ముఖం ఎర్రబడింది. అవ్వనూ, పదేళ్ల నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. గుడిసె కప్పంతా తెలుపు, పసుపు. లింగమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది.

“అమ్మా, మనదేనని ఒక్క మాట చెప్పు. వేర్లతో పెరుక్కోని పోతా. దీని దొంగతనం ఊరందరికీ తెలియాల,” అన్నాడు నాయన.

“కడిగిన నీళ్లన్నీ దానికే పోసినా పెద్దమ్మా,” అంది లింగమ్మ.

అవ్వ ఆకు తిప్పి చూసింది. పువ్వు వాసన చూసింది. మెలిక మీద వేలు పెట్టి, గుంజ చుట్టూ మెల్లగా తిప్పింది.

“మనది కాదురా,” అంది.

నాయన విసురుగా ముందుకు నడిచాడు. అవ్వ మాత్రం రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. “ఎండాకాలం మొదుట్లో గడ్డి కప్పు లింగమ్మా. వేరు కాగితే నిలవదు.”

దారిలో నా చెయ్యి పట్టుకుని అడిగింది: “యా పక్కకు చుట్టుకోనుండాది, చూస్తివా?”

“చిక్కుడుకు ఎదురు పక్కకు.”

“మెల్లగా అను. మీ నాయన ఇంటాడు.”

అవ్వ ఉన్నన్నాళ్లూ మా వాకిలి బోసిగానే ఉంది. మాది కాదన్నాక కొమ్మ అడిగే దారి లేదు. ఉన్నా అడిగేది కాదు.

హిందూపురం సందులో, ఆ తీగ పాకిన గోడ దగ్గర, నేను ఆకు తిప్పి చూశాను. మెలిక మీద వేలు పెట్టాను. లోపలి నుంచి ఒకావిడ వచ్చింది.

“ఏం చూస్తాండావక్కా? లింగమ్మ తీగ అది. పెనుకొండలో ఒక ముసలవ్వ ఉండ్య, అడిగినోళ్లకల్లా కొమ్మ ఇస్తాండె. మా అమ్మ ఆడి నుంచే తెచ్చింది. నీక్కూడా కావాల్నా?”

మా ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ టైర్ల షాపు ఉంది. అవ్వ లేదు, బావి లేదు, ఆ నీళ్ల పొయ్యీ లేదు. తీగ పేరు సరిదిద్దాలని నోటిదాకా వచ్చింది. మా వంశంలో ఎవరూ ఎవరి గుమ్మం ముందూ ఏదీ అడిగి ఎరగరు.

“ఒక కొమ్మ ఇవ్వమ్మా,” అని రెండు చేతులూ చాపాను.