కిటికీ వైపు తిప్పిన మంచం

నా చిన్నప్పుడు మా తాతయ్య నా ఒక్కదాని సొత్తని గట్టిగా నమ్మేదాన్ని. ఆయన పోచంపల్లి దిక్కున మగ్గం వదిలి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ, సైకిల్ మీద చీరల మూట పెట్టుకుని సైదాబాద్, మలక్‌పేట ఇళ్ళకు తిరిగి అమ్మేవాడు. బడి లేని రోజున నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. ఏ ఇంట్లోనైనా ఇంకో పిల్ల తల నిమిరాడంటే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అది, అరవై దాటినా పూర్తిగా పోలేదు.

ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు మొదటిసారి రోడ్ల మీదికి వచ్చిన ఏడు మా బడి కూడా మూతపడింది. ఒక పొద్దున మూట కడుతూ కడుతూ తాతయ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానలో చాలా రోజులు ఉంచుకుని పంపించారు. గుండెనొప్పి వచ్చిన మనిషిని మంచం దిగనివ్వకూడదని ఆ రోజుల్లో అందరూ అనుకునేవాళ్ళు. కానీ మా డాక్టరు కొత్తగా చదువుకుని వచ్చినవాడు. పడుకునే ఉంటే ఒళ్ళూ గుండే రెండూ నీరసపడతాయనీ, రోజూ కాస్త నడవాలనీ, మెల్లగా దూరం పెంచుకోవాలనీ చెప్పాడు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, మాట తెగుతోందంటే అక్కడే ఆగిపోవాలి, అదే లెక్క అన్నాడు.

మా తాతయ్య వింటేగా. మూటతో ఊరంతా చుట్టి వచ్చిన మనిషి గడప దాటమంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. పనీపాటా లేకుండా వీధిలో తిరిగేవాడు వెర్రివాడని పైకి బుకాయించేవాడు. "గిట్ల లేస్తే గట్ల గుండె ఆగిపోతదేమోనే" అని ఒకసారి నాయనమ్మతో మెల్లగా అనడం మాత్రం నేను విన్నాను. మంచం మీద ఉన్నంతకాలం ఆయన పూర్తిగా నావాడేనని లోలోపల నాకు కొంచెం సంతోషంగానే ఉండేది. కానీ రోజురోజుకీ ఆయన పిక్కలు సన్నబడిపోతుంటే చూసి భయం వేసేది. ఇలాగే పడుకుని పడుకుని చచ్చిపోతాడని నాయనమ్మ వంటింట్లో కళ్ళు తుడుచుకునేది.

మా ఎదురింట్లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక మాస్టారు ఉండేవారు. ఆయనకూ ఆ ఏడే, మా తాతయ్య కంటే కొంచెం ముందు, గుండెనొప్పి వచ్చింది. ఇద్దరికీ డాక్టరు ఒకడే. ఒకప్పుడు సాయంత్రాలు అరుగు మీద ఇద్దరూ కలిసి చాయ్ తాగినవాళ్ళే. మా నాన్నకు రావలసిన నౌకరీ బయటివాళ్ళకు పోయిందని మా తాతయ్యకు మంట. ఆయన ఆ మంటలో ఉండగానే, అందరం తెలుగువాళ్ళమే కదా అని మాస్టారు ఒక మాట అన్నారు. అంతే, మాటలు బందయ్యాయి. ఉద్యమం ముదిరేకొద్దీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా మానేశారు.

మాస్టారు మాత్రం డాక్టరు మాట అక్షరాలా పాటించారు. రోజూ సాయంత్రం పంచె మీద కాన్వాసు బూట్లు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతికర్ర టకటకలాడిస్తూ మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళేవారు.

ఒకరోజు నాయనమ్మ "కిటికీ కాడ జర గాలి ఒస్తది" అంటూ మా అమ్మనూ నన్నూ పిలిచి తాతయ్య మంచాన్ని జరిపించింది. నిజానికి ఆ కిటికీలోంచి గాలి కంటే దుమ్మే ఎక్కువ వచ్చేది. ఆ సాయంత్రం మాస్టారు దర్జాగా నడిచి వెళ్తుంటే తాతయ్య చూశాడు. మర్నాడూ చూశాడు. మూడోనాడు వీపు తిప్పి పడుకున్నాడు గానీ చేతికర్ర చప్పుడు చెవిలో పడనే పడింది. "ఏం నడక గది, బాతు లెక్క" అని గొణిగాడు. నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, ఎదురింటాయన ముఖం మొన్నటికంటే తేరుకుందని ఎవరితోనో అన్నట్టుగా అంది. ఆ వారం పూర్తి కాకముందే మా తాతయ్య చెప్పులు అడిగాడు.

ఆయన పక్కన నడిచే పని నాది. చెయ్యి నా భుజం మీద వేసేవాడు. ఆయన చేత మాట్లాడించాలి కాబట్టి నేను ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. చీర అంచుకు రంగు ఎలా ఎక్కిస్తారు, నీ చిన్నప్పుడు నిన్ను ఎవరు కొట్టారు, ఇలాంటివే. ఆయన జవాబు చెప్తుంటే నడిచేవాళ్ళం, మాట తెగితే నిలబడేవాళ్ళం. మా తాతయ్య ప్రాణం నా చేతిలోనే ఉందని వీధిలో పిల్లలందరికీ చెప్పుకుని తిరిగాను.

మొదట సందు చివరిదాకా, తర్వాత పెద్ద రోడ్డుదాకా వెళ్ళాం. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా ఉన్న వైపంతా అప్పట్లో ఎక్కువగా చేలూ ద్రాక్ష తోటలే. ఒక సాయంత్రం తోట దారిలో మాకు కొంచెం ముందు మాస్టారు కనిపించారు. తాతయ్య చెయ్యి నా భుజం మీద నుంచి జారింది, అడుగు పెరిగింది. నేను ఏదో అడిగితే జవాబు లేదు. మళ్ళీ అడిగాను. చూస్తే ముఖమంతా చెమట, ఒక చెయ్యి తోట గోడ మీద, ఒక చెయ్యి రొమ్ము మీద ఉన్నాయి. నేను ఏడుపు అందుకున్నాను.

ఆ ఏడుపుకు మాస్టారు వెనక్కి తిరిగారు. గబగబా రాబోయి, తన గుండె సంగతి గుర్తొచ్చిందేమో, మెల్లగానే వచ్చారు. తాతయ్యను గోడ పక్కన కూర్చోబెట్టి, జేబులోంచి తన మాత్ర తీసి నాలుక కింద పెట్టారు. తనూ పక్కనే చతికిలబడ్డారు. నొప్పి తగ్గి తాతయ్య ముఖంలోకి రంగు వచ్చాక, "ఎందుకండీ ఆ పరుగు? ఎవరు తరిమారు?" అని అడిగారు మాస్టారు.

"మీరు ముంగట పోతుంటె నేను ఎనుక ఉండాల్నా సారూ?" అన్నాడు తాతయ్య.

మాస్టారు నవ్వారు. మంచం కిటికీ దగ్గరికి వచ్చిన రోజు నుంచీ ఆయన మా ఇంటి ముందు మాత్రమే అంత దర్జాగా నడిచేవారట. మలుపు తిరగగానే ఎవరి అరుగు దొరికితే దాని మీద కూలబడేవారట. "మీరు చూస్తుండగా నెమ్మదిగా నడవడం నాకు నామోషీగా ఉండేదండీ" అని ఒప్పుకున్నారు. తాతయ్య నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. మర్నాడే ఇద్దరూ వెళ్ళి డాక్టరుకు జరిగింది చెప్పి, బాగా చీవాట్లు తిని వచ్చారు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసే నడిచారు. నా పని పోయింది. చిన్నపిల్ల ప్రశ్నలు ఎన్నని, మాటకు మాట చెప్పేవాడు ఉంటే దూరం తెలియదని తాతయ్యే నా ముఖం మీద అన్నాడు. నౌకరీలు ఎవరివి, నీళ్ళు ఎవరివి, ఉన్నదాన్ని విడగొట్టడం న్యాయమా, కలిపి ఉంచడం న్యాయమా అని దారి పొడుగునా ఒకటే వాదన. ఒకరికి ఆయాసం వస్తే రెండోవారు వాదన ఆపి నిలబడేవారు. ఊపిరి అందగానే ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకునేవారు. నేను వెనకాల రాళ్ళు తన్నుకుంటూ నడిచేదాన్ని. మాస్టారి కాన్వాసు బూట్లు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఆయనకు జ్వరం వస్తే బాగుండునని కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి.

చివరికి ఒకరోజు వెళ్ళనని ఇంట్లోనే కూర్చున్నాను. నాయనమ్మ గడపలో కూర్చుని ఉంది. తాతయ్య నన్ను మరిచిపోయాడని, ఆ మాస్టారే ఎక్కువయ్యాడని ఏడ్చాను. ఓదారుస్తుందనుకున్నాను. నాయనమ్మ కొంగుతో నా ముక్కు తుడిచింది.

"నాకు మండదా బిడ్డా? లగ్గమైన కాంచి నాతోని అన్ని మాటలు ఒక్కనాడన్న మాట్లాడిండా మీ తాత? నాక్కూడ మండుతది. మండనీ." అని ఆగి, నా చెయ్యి పట్టుకుని చెవి వీధి వైపు పెట్టింది. "ఇను. మలుపు కాడ గొంతు ఇనవడుతుందా? గా గొంతు ఇనవడ్డంకనే నేను ఎసరు పెడత. ఎవలతోని మాట్లాడితేంది, మాట్లాడుతుండు గదా."

మనుషులు ఇంకా కనిపించలేదు. తాతయ్య గొంతు మాత్రం వచ్చింది, మాస్టారి మీద అరుస్తూ, ఎక్కడా తెగకుండా. నాయనమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నా ముక్కు తుడవకముందే ఆమె చీర కొంగు తడిసి ఉందని నాకు అప్పుడు తట్టింది.

తాతయ్య నా పెళ్ళి చీర తనే ఎంచి తెచ్చేదాకా బతికాడు. ఇంకో ఉద్యమం వచ్చి తెలంగాణ ఏర్పడేనాటికి వాళ్ళిద్దరూ లేరు. ఇప్పుడు మా ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రిలో, ఛాతీకి వైర్లు అంటించి, కదలని సైకిల్ మీద మెల్లగా తొక్కిస్తూ వ్యాయామం చేయిస్తారు. దగ్గరుండి చేయించే అమ్మాయి ఆయన చేత మాట్లాడిస్తూనే ఉంటుంది. ఇంట్లో నేను ఏం అడిగినా ఊ, ఆఁ తప్ప పలకని మనిషి, ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పని ముచ్చట్లన్నీ ఆ పిల్లకు చెప్పి నవ్విస్తున్నాడు. నేను బయట బెంచీ మీద కూర్చుని వింటుంటాను. కడుపు మండుతూనే ఉంటుంది. లోపల ఆ గొంతు ఒక్క క్షణం ఆగిందంటే మాత్రం, నాకు తెలియకుండానే లేచి తలుపు దగ్గర నిలబడి ఉంటాను.