ఇంట్లో బూజు లేదన్నాను

తొంభైల చివర్లో ఒక ఉదయం పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆ వాసనకే నాకు కడుపులో తిప్పింది. నలభై ఏళ్లలో అన్నం వాసన పడకపోవడం అదే మొదటిసారి. అంతకు ముందు నెలలో మా కోళ్లు రోజుకొకటి చొప్పున మెడ వాల్చి చచ్చిపోయాయి. తర్వాత గేదె దూడ నాలుగు రోజులు తూలుతూ తిరిగి కూలిపోయింది. ఇక తర్వాతి వంతు నాదేమోనని ఆ పొద్దునే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

మాది పామర్రు. మా ఆయనకు దాణా కొట్టు ఉంది. ఆ ఏడు ముసురు వదలక వేరుశనగ బస్తాలు తడిశాయి. ఆయన గింజలు ఆరబోసి, మంచివి అమ్మకానికి ఉంచి, నల్లబడ్డ బస్తా ఇంటికి తెచ్చారు.

"పైవాళ్లకి అమ్మితే పాపం. కడిగి మనం వాడుకుందాం," అన్నారు.

మరీ చెడ్డవి కోళ్లకు వేశాను, గేదె కుడితిలో కలిపాను. కాస్త బాగున్నవి వేయించి రోజూ పచ్చడి నూరుకున్నాను. వేరుశనగ పైత్యమని ఆయన ముట్టరు. చేదుగా తగిలితే ఇంకో రెండు మిరపకాయలు వేశాను.

అన్నం వాసన పడని ఆ ఉదయం తర్వాత వారానికల్లా కళ్లు పచ్చబడ్డాయి. పసరు తాగాను, తాయెత్తు కట్టించుకున్నాను. పొట్టలో నీరు చేరాక బెజవాడ ఆస్పత్రిలో చేర్చారు. లివర్ కోసం ఎల్.ఎఫ్.టి., బిలిరుబిన్ రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ చేశారు.

"హెపటైటిస్ టెస్టులన్నీ నెగటివే అమ్మా. అయినా లివర్ పాడవుతోంది," అన్నారు డాక్టరు గారు. "ఇంట్లో బూజు ఏమన్నా ఉంటుందా?" అనడిగారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది.

"శుక్రవారం శుక్రవారం బూజు దులుపుతానండీ. మా ఇంట్లో సాలీడుకి చోటు లేదు."

ఆయన తలూపి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు.

మూడు వారాలకు తగ్గింది. ఇంటికి వచ్చాక నీరసం పోవాలని మళ్లీ అదే పచ్చడి, పూటకో గ్లాసు పాలు. పదిహేను రోజులకు మళ్లీ కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ ఆస్పత్రి, మళ్లీ తగ్గడం.

"ఇక్కడ తగ్గుతోంది, ఇంటికెళ్తే పెరుగుతోంది. ఇంకోసారి ఇలా అయితే మీ లివర్ తట్టుకోదమ్మా," అన్నారు డాక్టరు గారు.

ఆ ఇంట్లో ఏదో ఉందని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. నేనూ నమ్మాను. పగటిపూట కూడా ఒంటరిగా ఉండాలంటే భయం వేసేది. మంచం మీద పడుకుని దూలాలకేసి చూస్తూ, అద్దంలా ఉంచుకున్న ఈ ఇల్లే నన్ను చంపుతోందనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే గేదె పాలు తగ్గిపోతే పశువుల డాక్టరు గారిని పిలిపించాం. ఆయన కుడితిలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి వాసన చూశారు.

"బూజు పట్టిన గింజలు పెడుతున్నారేంటండీ? దీని విషం పాలలోకి కూడా దిగుద్ది."

బెజవాడ డాక్టరు అడిగింది ఈ బూజు. నేను చెప్పింది దూలాల మీది బూజు.

మర్నాడే బెజవాడ వెళ్లి ఆ మాట చెప్పాను.

"అఫ్లాటాక్సిన్ అని, ఆ బూజు వదిలే విషం అయ్యుండొచ్చు. రుజువు చేసే టెస్టు మా దగ్గర లేదు. గింజలూ ఆ పాలూ మానేసి చూడండి," అన్నారు.

మానేశాను. నెమ్మదిగా తగ్గింది. మిగిలిన బస్తాను గోతిలో పూడ్చినప్పుడు మా ఆయన ఏడ్చారు.

"పైవాళ్లకి పెట్టకూడదనుకున్నది నీకు పెట్టాను మీరాబీ."

నేను ఓదార్చలేదు. అప్పటికి కోపం చల్లారలేదు మరి.

పదేళ్లు దాటింది. లివర్ కొంత గట్టిపడిందట, ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి వెళ్తాను. పని చేసుకుంటున్నాను, తింటున్నాను. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బూజు పట్టిన గింజను కడిగినా, ఎండబెట్టినా, వేయించినా విషం పోదు. మనిషికీ వద్దు, పశువుకీ వద్దు. అమ్మడానికి మనసొప్పని సరుకు చేతిలో ఉంటే, మీ ఇంట్లోవాళ్లను కూడా ఆ కాసేపు పైవాళ్లే అనుకోండి.