వేలితో వెనక్కి తోసిన నోటు

ఏప్రిల్ ఆఖర్లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనగా దిగాం. దక్షిణ సూడాన్, తెల్ల నైలు ఒడ్డు. విమానం తలుపు తెరవగానే తగిలిన వేడి నాకు కొత్తేమీ కాదు, జమ్మలమడుగు బస్టాండులో మే నెల మధ్యాహ్నం అంతే ఉంటుంది. నేల కూడా మన నల్లరేగడే. వాన పడిందంటే బూటు పట్టి లాగేస్తుంది. నీలి హెల్మెట్, బరువైన జాకెట్, రైఫిలు, నీళ్ల సీసాలు. ఆర్డరు ఒకటే: మా క్యాంపు గోడ లోపల తలదాచుకున్న జనం మీదికి ఎవరినీ రానివ్వకూడదు. ఇళ్లు తగలబెడితే పారిపోయి వచ్చినవాళ్లు వాళ్లు.

నాది నాలుగో మోర్చా, అంటే ఇసుక మూటల వెనక కాపలా. ఉదయం ఆరు నుంచి పది, మళ్లీ సాయంత్రం అదే లెక్క.

"నాలుగు, రిపోర్ట్."

"సబ్ ఠీక్. ఓవర్."

రేడియోలో రోజంతా ఈ ముక్కలే.

ఇద్దరి సంగతి చెప్పాలి. ఒకడు మా కవచ వాహనం డ్రైవరు, పులివెందుల కుర్రాడు, నన్ను మామా అనేవాడు. రెండో ఆయన అమెరికా నుంచి వచ్చిన సమన్వయ అధికారి. యాభై దాటిన మనిషి, ఆ దేశపు ఆదివాసీ, చెరోకీ తెగవాడు. మా వంటశాల టీ కోసం రోజూ వచ్చేవాడు.

జూన్‌లో ఒక ఆదివారం అందరం కలిసి మేకను కొన్నాం. మాది గొర్రెలు కాచే ఇల్లు కాబట్టి బేరం నాకు అప్పగించారు. అధికారి తన వంతు ఎక్కువే ఇచ్చాడు. మిగిలిన ఇరవై డాలర్ల నోటు తెచ్చి ఆయన ముందు పెట్టాను. చేత్తో పట్టుకోలేదు. ఒక్క వేలితో నావైపు తోశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పట్టాలంలో చేరకముందు నేను ప్రొద్దుటూరు బంగారు అంగట్లో పనిచేశాను. అక్కడ నోరు విప్పకుండా నోటును అలా తోశారంటే అది దొంగనోటని, ఇచ్చినవాడు దొంగ అని. నోటును ఎండకు పట్టాను, గోటితో గీకాను, డ్రైవరుకు చూపించాను.

"మంచిదే మామా. ఈయప్పకేందంట?"

మేము దొంగనోట్లు ఇచ్చేవాళ్లలా కనబడుతున్నామా అని వచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను.

"నోటు మంచిదే. దాని మీదున్న మనిషితోనే మాకు పేచీ," అన్నాడాయన.

నోటు మీద చెదిరిన జుట్టుతో ఒకాయన ఉంటాడు. వాళ్ల దేశానికి ఏడో అధ్యక్షుడు. పేదింట పుట్టి, చిన్నప్పుడే తల్లి పోయి, సైన్యంలో పేరు తెచ్చుకుని గద్దె ఎక్కాడు. మామూలు జనానికి దేవుడు. తన పొలాల్లో బానిసలచేత పనిచేయించుకున్నవాడు కూడా. ఆదివాసులను పెద్ద నది అవతలికి పంపే చట్టం మీద సంతకం ఆయనదే. చెరోకీల ఇళ్లు ఖాళీ చేయించింది ఆయన తర్వాతివాడి హయాంలో. సిపాయిలు తుపాకులతో వచ్చారట. తింటున్నవాళ్లను తింటున్నట్టే లేపారట. చలిలో నడిపిస్తే దారి పొడవునా చచ్చిపోయారు. ఆ భూములు దక్కినవాళ్లు మాత్రం ఆయనకు విగ్రహాలు పెట్టుకున్నారు.

"మా అమ్మ ఈ నోటు పట్టేది కాదు. అంగట్లో పదులే అడిగి తీసుకునేది," అన్నాడు.

సిపాయిలన్న మాట దగ్గర నా ఒంటి మీది యూనిఫాం చూసుకున్నాను. నోటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

సెప్టెంబరులో డ్రైవరు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మామా! రిజర్వాయరు నిండుతాండాదంట. మా చీనీ చెట్లకు నీళ్లొస్తాయి!"

వాళ్ల నాయన బోరు మీద బోరు వేసి విసిగిపోయిన బత్తాయి రైతు. వాడి సంతోషాన్ని తప్పని ఏ నోటితో అనను?

ఆ సాయంత్రం మోర్చాలో ఉండగా మా అన్న ఫోను. మా ఊరు జమ్మలమడుగు పక్కన, పెన్నా ఒడ్డున, ఆ రిజర్వాయరు ముంపులోనే ఉండేది.

"నీళ్లు గడప కాడికొచ్చినాయి రా. పొద్దన్నే ఖాళీ చెయ్యమని వొచ్చినారు. గొర్రెల్ని తోలుకొని మిట్టెక్కినాం."

"యాడుండారు ఇప్పుడు?"

"యాడుండేది? రోడ్డు మీదుండాం."

రేడియో గరగరలాడింది. నాలుగు, రిపోర్ట్. ఇళ్లు పోయిన పరాయి జనానికి నేనిక్కడ కాపలా. అక్కడ నా ఇల్లు మునుగుతోంది. సబ్ ఠీక్ అన్నాను. ఇంకేం చెప్పమంటారు?

మరుసటి మేలో తిరిగొచ్చాను. పులివెందుల దారిలో చీనీ తోటలు పచ్చగా ఉన్నాయి. జమ్మలమడుగులో ఎదురైన ప్రతివాడూ "మీ త్యాగం గొప్పదప్పా" అన్నాడు. త్యాగమా! మనంతట మనం ఇస్తే త్యాగం. లాక్కుంటే దాన్నేమంటారో వాళ్లనే చెప్పమనండి. నీళ్లు తేవద్దని నేనెప్పుడూ అనలేదు. పరిహారం ఇవ్వలేదనీ అనను. మునిగేవాణ్ని మనిషిలా పలకరించి, గొర్రెలకు దొడ్డి చూపించాక గేట్లు దించితే ఏ కొంప మునిగేది?

అన్న నీటి అంచున బండ మీద కూర్చుని ఉన్నాడు. నా దగ్గరే ఉండిపోయిన ఆ ఇరవై నోటు ఆయన చేతికిచ్చాను. జనం ఊర్లు విడిచిపోయే చట్టం చేసినాయన బొమ్మ ఇది అని చెప్పాను. అధికారి వేలి సంగతి మాత్రం చెప్పలేదు. అన్న నోటును తిప్పి చూశాడు.

"వెనకాల ఈ ఇల్లు ఎవురిది?"

"అధ్యక్షులుండే ఇల్లు. ఈయప్పా దాంట్లోనే ఉన్నాడు."

"ఊర్లు లేపినాయనకు ఇల్లు గూడా ఏసినారే! అంత గొప్పోడా?"

"శానామందికి గొప్పోడే అన్నా."

అన్న నోటును బండ మీద పెట్టాడు. ఒక్క వేలితో నావైపు తోశాడు.

పొద్దు గుంకుతోంది. లేచి, గొర్రెలను ముంపువాళ్లకిచ్చిన కొత్త కాలనీ వైపు అదిలించాడు. ఒక్కటీ కదల్లేదు. గొర్రెకు నీళ్లంటే భయం. అయినా ముందు పొట్టేలు నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా దిగి, పాత దొడ్డి ఉన్న దిక్కుకు ముఖం పెట్టి నిలబడింది. దాని వెనక మందంతా దిగింది.

"దినామూ ఇంతే రా," అన్నాడు అన్న.

ఊరు మునిగి ఎనిమిది నెలలైంది అప్పటికి. ఇప్పటికీ ఎవరైనా నా దగ్గర త్యాగం అన్నారంటే, నీళ్లలో నిలబడి ఇంటికేసి చూస్తున్న ఆ గొర్రెలే కనబడతాయి.