వసారాలో బీరు పీపా

డోన్‌లో విలేకరిగా రిటైరైన రోజున మిత్రులనూ బంధువులనూ ఇంటికి భోజనానికి పిలిచాను. ఎక్సైజ్ అనుమతి తీసుకుని బీరు పీపా, బీరును కుళాయిలోకి నెట్టే గ్యాస్ సిలిండరు, కుళాయి తెప్పించి వీధి వసారాలోనే బిగించాను. మా ఊళ్లో తాగేవాళ్లు సీసాను న్యూస్‌పేపర్లో చుట్టుకుని సందుల్లో పోతారు. నేను రాసిన వార్తలు ఎన్నో అలా సీసాల చుట్టూ తిరిగాయి. ఆ దాపరికం నాకు గిట్టదు.

నా భార్య అన్న చర్చి పెద్ద. తెల్లచొక్కాతో వచ్చి పీపా ముందే నిలబడిపోయాడు.

“ఏమప్పా, దీన్ని ఈడ పెట్టినావు? పెరట్లోకి మార్చు. లేకుంటే మేమెవరమూ నీ ఇంట్లో చెయ్యి కడగం.”

వాళ్లు తినకుండా పోతే నా భార్యకు పుట్టింటి రాకపోకలు తెగినట్టే. ఆమె నా వైపే చూస్తోంది.

“దొంగతనం చేసింటే దాచుకుంటా బావా,” అంటూ కుళాయి తిప్పాను.

పీపాను ఎండలో, ఆటోలో కుదిపి తెచ్చి వెంటనే బిగించడం నా పొరపాటు. నురగ బుస్సున ఎగజిమ్మి ఆయన చొక్కా అంతా తడిపేసింది. వీధి వీధంతా చూసింది.

ఆయన గొంతు తగ్గించాడు. “పెరటి వాకిలి తీయప్పా. ఈ వాసనతో వీధిలో ఎట్ల పోయేది?”

“తీయను. పోతే ఈ వాకిట్లోంచే పో. లేదంటే నా చొక్కా తొడుక్కుని కూర్చో, సంగటి చల్లారిపోతాంది.”

నా చొక్కా తొడుక్కుని, పీపా వైపు వీపు పెట్టి కూర్చుని, మారు అడిగి మరీ తిన్నాడు.

ఇప్పటికీ తాగాలనిపిస్తే నేను వసారాలోనే కూర్చుంటాను.