పొట్టి గార్డు ఎడమ చెయ్యి

2011 ఆగస్టులో నేను జగిత్యాలలోని ఒక కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పని చేస్తున్నాను. పిల్లలు పీడీ సార్ అనేవారు. జీతం ఆ ఉద్యోగానిదే గాని, నాలుగు జిల్లాల్లో నన్ను గుర్తుపట్టేది మాత్రం ఈల వల్ల. రాష్ట్ర ప్యానెల్‌లో బాస్కెట్‌బాల్ రెఫరీని. ఆ నెలలో హైదరాబాదులో రెఫరీల శిక్షణా తరగతి జరిగింది. రూల్ పుస్తకంలో అక్షరం మారకపోయినా, ఏ తప్పును ఎంత గట్టిగా పట్టుకోవాలో అక్కడ చెబుతారు. ఆ ఏటి ఆదేశం చేతుల గురించి. బంతి ఆడిస్తున్న మనిషి ఒంటిమీద ఎదుటి మనిషి చెయ్యి ఆనించి ఉంచితే, ఆట చెడినా చెడకపోయినా వెంటనే ఈల వేయాలి. అంతకుముందు మేం చూసీ చూడనట్టు పోయేవాళ్లం. ఆనితే ఆననీ, నెట్టినప్పుడు చూద్దాం అనేది మా పాత పద్ధతి.

తరగతిలో ఆ మాట వినగానే నాకు పొట్టి గార్డులు గుర్తొచ్చారు. గార్డంటే బంతిని వెనక నుంచి ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో చూసుకునే మనిషి. ఈ ఆటలో పొట్టివాళ్లకు దొరికే చోటు దాదాపు అదొక్కటే. పొడుగువాళ్లు ఆ గార్డు నడుము మీద అరచెయ్యి పెట్టి, మేకపిల్లను దొడ్లోకి తోలినట్టు పక్క గీత దాకా తోసుకుపోయేవారు. ఏళ్ల తరబడి అది చూసి చూసి నాకు ఒళ్లు మండేది. ఇన్నాళ్లకు ఆ అరచేతికి అడ్డుకట్ట పడిందని సంతోషించాను.

ఆ పొట్టి గార్డుల్లో మా రజిత కూడా ఉంది. ఆమెది సిరిసిల్ల. తండ్రి రాజేశం సాంచెలు నడుపుతాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. రజిత ఇంటర్ మా దగ్గరే చదివింది. ఐదడుగుల మీద ఒక అంగుళం ఉంటుందేమో, అదీ బూట్లతో కలిపి. సికింద్రాబాద్‌లో ఒక సంస్థ మహిళా జట్టుకు రెండేళ్లుగా కాంట్రాక్టు మీద ఆడుతోంది. మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడి బతకడమంటే అదే. సంస్థ జట్టులో కాంట్రాక్టు, నుదుట రాసి ఉంటే పర్మనెంటు ఉద్యోగం. ఆ ఏడు ఆ జట్టులో గార్డుకు ఒకే ఒక పర్మనెంటు పోస్టు పడింది. పోటీలో ఇద్దరు మిగిలారు: రజిత, నిజామాబాద్ అమ్మాయి స్వప్న. స్వప్న రజిత కన్నా జానెడు పొడుగు.

హైదరాబాదు నుంచే రజితకు ఫోన్ చేసి, నీ రోజులొచ్చినయి పో అన్నాను. ఆ మాట నమ్మి రాజేశం షెడ్డులో తోటివాళ్లందరికీ చాయ్ తాగించాడట.

సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మేమంతా సమ్మెలోకి దిగాం, కళాశాలకు తాళం పడింది. ఆ సంస్థ జట్టు మాత్రం తమలో తామే రెండుగా విడిపోయి, జిల్లాల్లో ఎంపిక మ్యాచ్‌లు ఆడుతూ తిరుగుతోంది. చివరిది జగిత్యాలలో మా కోర్టు మీద జరగాలని సమ్మెకు ముందే అనుకున్నారు. నిజామాబాద్ నుంచి వస్తున్న వాళ్ల వ్యానును కోరుట్ల దగ్గర రాస్తారోకోలో ఆపేశారు. వ్యానులో కోచ్, స్వప్నతో సహా తొమ్మిది మంది ఆటగత్తెలు ఉన్నారు. అక్కడ ఉద్యమ శిబిరం చూసుకుంటున్న మల్లేశం లెక్కల మాస్టారు, నాకు బాగా తెలిసినవాడే. వ్యాను వదలమని ఫోన్‌లో అడిగాను.

"ఒక్క బండి ఇడిసిపెడితే అందరు ఇడువమంటరు సార్. ఈడ రోడ్డు మీద రోజు కబడ్డీ ఆడిపిస్తనే ఉన్నం. మీ ఆటను గూడ గీ రోడ్డు మీదికే తెండ్రి" అన్నాడు.

ఎక్కడైనా విన్నామా? హైవే మీద బాస్కెట్‌బాల్ ఎంపిక మ్యాచ్! కానీ సమ్మెలో ఉన్నవాళ్లం కళాశాల తాళం తీయలేం, రోడ్డు మీద ఆడితే అది నిరసన కిందికే వస్తుంది. కోచ్‌కూ వేరే దారి లేదు. కళాశాల గేటు బయటి మైదానంలో ఉన్న చక్రాల బుట్ట పోల్స్ రెండింటిని ట్రాక్టర్‌కెక్కించాం. రోడ్డు వెడల్పు చాలకపోతే పక్కనున్న పెట్రోలు బంకు ముందరి జాగా కలుపుకున్నాం. టేపు పట్టి నేను కొలతలు చెబుతుంటే, శిబిరంలోని ఆడవాళ్లు ముగ్గుపిండితో గీతలు పోశారు. అంత తిన్నని గీతలు నేను పెద్ద స్టేడియాల్లో కూడా చూడలేదు. రజిత ముందురోజే ఇంటికి వెళ్లి ఉండడంతో, సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా తండ్రీబిడ్డలు బండి మీద వచ్చారు. రెండో రెఫరీగా మెట్‌పల్లి పీఈటీ వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫౌల్ పడితే రెఫరీ ఈల వేసి, పిడికిలి పైకెత్తి, స్కోరు రాసే బల్ల దగ్గరికి పోయి ఆ ఆటగత్తె నంబరు వేళ్లతో చూపాలి. బల్ల దగ్గరివాళ్లు అది ఆమెకు ఎన్నో ఫౌలో పలక లేపి చూపుతారు. ఒకటి నుంచి నాలుగు దాకా నల్ల అంకెలు, ఐదు ఎర్రది. ఎర్ర పలక లేచిందంటే ఆమె ఆ మ్యాచ్‌లో ఇక ఆడకూడదు.

మొదటి క్వార్టర్, అంటే ఆటలో తొలి పావు భాగం, నేను అనుకున్నట్టే నడిచింది. రజిత మీద చెయ్యి వేయడానికి ఎవరికీ వీల్లేదు. స్వప్న పాత అలవాటుకొద్దీ రెండుసార్లు వేసింది, రెండుసార్లూ ఊదాను. ఆ తర్వాత రజితను ఆపేవాళ్లు లేరు. పొడుగువాళ్ల చంకల కింద నుంచి దూరిపోయి బుట్టలో వేసి వస్తోంది. బంతి పడ్డప్పుడల్లా జనం జై తెలంగాణ అని అరిచారు. మల్లేశం చప్పట్లు కొట్టీ కొట్టీ చేతులు ఎర్రగా చేసుకున్నాడు. నాకూ లోపల గర్వంగానే ఉంది.

రెండో క్వార్టర్‌లో స్వప్న తానే బంతి తేవడం మొదలుపెట్టింది. ఎదురు నిలబడి కాచుకోవలసింది రజిత. స్వప్న నడుము మీద రజిత ఎడమ చెయ్యి ఆనింది. ఈల వేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ ఆ చెయ్యే. మూడోసారీ అంతే. బల్ల దగ్గర పలకలు లేస్తున్నాయి. నేను నిర్ఘాంతపోయాను. ఆ పిల్లకు రెండేళ్లు ఆట నేర్పినవాణ్ని, ఆ తర్వాత ఎన్నో మ్యాచ్‌లు చూసినవాణ్ని. ఆ చెయ్యి ఎప్పుడూ ఎదుటి మనిషి నడుము మీదే ఉంటుందని నా కంట పడనే లేదు. ఆమె చేతిలో బంతి ఉన్నప్పుడు చూసేవాణ్ని, లేనప్పుడు బంతినే చూసేవాణ్ని.

పొట్టి మనిషికి పొడుగు మనిషి భుజం దాటి ఏమీ కనబడదు. ఎటు తిరగబోతోందో కంటికి తెలియకముందే వేళ్లకు తెలియాలి. రజిత కాపలా అంతా ఆ ఎడమ చేతిలోనే ఉంది. ఆ చెయ్యి తీసేయమంటే ఆమెకు కళ్లకు గంతలు కట్టినట్టే. నాలుగో ఫౌల్ సగం ఆట కాకముందే పడింది.

విరామంలో మల్లేశం వచ్చాడు. "సార్, మన పిల్ల గద. జర సూసీ సూడనట్టు పోరాదుండ్రి" అన్నాడు.

"ఇందాక గా పిల్ల మీద ఊదినప్పుడు నువ్వే గద చప్పట్లు కొట్టినవ్" అన్నాను. అతను వెళ్లి జనంలో నిలబడ్డాడు.

మూడో క్వార్టర్ మొదలైన కాసేపటికే స్వప్న రజిత పక్క నుంచి దూసుకుపోయింది. రజిత కావాలని వేయలేదు, ఆ చెయ్యి దానంతటదే పోయింది. ఈగ వాలినంత ఆనింది. ఆదేశం ప్రకారం అది చాలు. ఊదాను. ఎర్ర పలక లేచింది. రజిత నా దగ్గరికి వచ్చింది, కోపంగా కాదు.

"గీ రూలు మాకే మంచిదంటిరి గద సార్" అంది.

ఆమె వెళ్లి గీత అవతల తండ్రి పక్కన కూర్చుంది. మ్యాచ్ అయ్యాక రాజేశం నా దగ్గరికి వచ్చాడు. "మీరు ఊదుడు తప్పు కాదు సార్, నాకెర్కే. మరి మా బిడ్డ ఆడుడు తప్పా? గిన్నేండ్లు గట్లనే ఆడితే అందరు మెచ్చుకున్నరు గద" అన్నాడు.

పోస్టు స్వప్నకు ఇచ్చారు. రజిత ఎంత బాగా దూసుకుపోయిందో మీరూ చూశారు కదా అని కోచ్‌తో వాదించాను. ఆయన కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. ఆదేశం వచ్చాక తాను చూసిన వేరే జట్ల మ్యాచ్‌లన్నింటిలోనూ ముందుగా బయటికి పోయింది పొట్టి గార్డులేనని చెప్పాడు. "ఆటలో సగంసేపు బంతి అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది కదా మాస్టారూ" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈల మెడలో వేసుకుని తిరిగిన నాకు ఆ చిన్న లెక్క తట్టలేదంటే ఈనాటికీ ఆశ్చర్యమే.

సమ్మె సాగినన్నాళ్లు రజిత జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి సాధన చేసింది. సిరిసిల్ల నుంచి రెండు కండెలు తెచ్చుకుంది, నూలు చుట్టే చిన్న కర్రలవి. రెండు పిడికిళ్లలో చెరొకటి బిగించి పట్టుకుని కాపలా కాసేది. పిడికిలి విప్పితే కండె కింద పడుతుంది, కాబట్టి చెయ్యి ఎవరి మీదా ఆనదు. ఇక కాళ్లతోనే ఆపాలి. మొదట్లో మా కళాశాల పిల్లలు కూడా ఆమెను దాటిపోయారు. సమ్మె ముగిసేనాటికి కొంచెం నిలబడగలిగింది. మరుసటి ఏడు అదే జట్టు ఆమెను మళ్లీ కాంట్రాక్టు మీద తీసుకుంది. మూడు సీజన్లు ఆడింది. పర్మనెంటు పోస్టు మళ్లీ పడలేదు.

ఆ రోజు నేను వేసిన ఈలల్లో ఒక్కటీ తప్పు కాదు. మళ్లీ నిలబెడితే మళ్లీ అవే వేస్తాను. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు రెఫరీల తరగతులకు నన్ను పిలుస్తుంటారు. కొత్త ఆదేశం చదవగానే, ఇది ఫలానావాళ్లకు మేలు అని కుర్రాళ్లు సంబరపడతారు. బంతి ఎవరి చేతిలో ఉన్నప్పుడు అని అడుగుతాను.