కడ్డీలకు పెట్టిన బొట్టు

సింగపూర్‌లో నా మొదటి ఉద్యోగం సైన్స్ పార్కులో, పింగాణీ కడ్డీల్ని మైక్రోవేవ్‌లో వేడిచేసి అతికించడం. అమ్మకు ఫోన్‌లో చెబితే, "ఇంత చదువూ చదివి జాడీలు అతికిస్తున్నావా?" అని నవ్వింది. అప్పుడు ఒళ్ళు మండింది కానీ, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ల్యాబ్‌లో నాకు పని నేర్పింది పెద్ద వయసు టెక్నీషియన్ ఒకాయన, అందరం అంకుల్ అనేవాళ్ళం. వాళ్ళ తాత విశాఖ నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆయన తెలుగులో సగం తమిళం, మలయ్ కలిసి ఉండేవి, మాట చివర సింగపూర్ వాళ్ళ ‘లా’ కూడా. పింగాణీ చల్లగా ఉన్నప్పుడు మైక్రోవేవ్‌ని ఒంటికి పట్టనివ్వదు, కాస్త వేడెక్కాక ఒక్కసారిగా లాక్కుంటుంది, పవర్ తొందరగా పెంచితే పగులుతుంది. అందుకే రోజూ ఒకటే మాట: "పెలాన్ పెలాన్ అమ్మా, నిదానం." కొత్త యంత్రం వచ్చిన నెలలోనే ఆయన రిటైర్మెంట్. "ఒక్క అతుకు గట్టిగా నిలిస్తే చూసి పోతా," అనేవారు. మా దగ్గర కడ్డీలు రెండు జతలే ఉన్నాయి.

కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టడం మా ఇంటావంటా లేదు. యంత్రానికి పెట్టి ఊరుకోవచ్చుగా? ఎవరూ చూడకుండా కడ్డీలకీ పెట్టాను, సరిగ్గా అతికే చోట. కాసేపటికి లోపల టప్‌మంది. చల్లారాక తీస్తే నల్లటి మచ్చ, దాని మీదుగా బీట. కుంకుమ మాడి బొగ్గై, మైక్రోవేవ్‌ని ముందు అదే లాక్కుంది; ఆ ఒక్క చోటే కాగి కడ్డీ పగిలింది. నాకేమో ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

ఎవరు చేశారని బాస్ అడిగాడు. అంకుల్ నా మొహం ఒక్కసారి చూసి, "నేనే. పవర్ తొందరగా పెంచేశాను లా," అన్నారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

రెండో జతను ఆయనే శుభ్రంగా తుడిచి పెట్టారు. "బొట్టు నీ నుదుట పెట్టుకో, చాలు," అన్నారు, అంతే. ఈసారి రెండూ అతుక్కున్నాయి. ఆయన చివరి రోజున ఆ అతికిన కడ్డీని వంచి పరీక్షించాం. విరిగింది, కానీ అతుకు దగ్గర కాదు, పక్కన. అతుకు కడ్డీ కంటే గట్టిదన్నమాట! అంకుల్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపాగలేదు. "మొదటిది పాడుచేసింది నేనే," అని అందరి ముందూ చెప్పేశాను.

"తెలుసు," అన్నాడు బాస్. "ఆయన తొందరపడ్డాడంటే ఈ బిల్డింగ్‌లో ఎవరు నమ్ముతారు?"

అంకుల్ ఇప్పుడు లేరు. అతుకు ఉన్న ముక్క ఇక్కడే సింగపూర్‌లో, బెడోక్ ప్రాంతంలోని మా ఫ్లాట్‌లో ఉంది. దసరాకి మిక్సీ నుంచి మైక్రోవేవ్ దాకా అన్నిటికీ బొట్టు పెడతాను. ఆ ముక్కకి మాత్రం పెట్టను. దండం పెట్టుకుంటాను.